దేన్ని, దేనితో, దేంట్లో: పోలిక సరిగ్గా చేసే పద్ధతి

మాకు కదిరి వైపు నాలుగెకరాల మెట్ట చేను ఉంది. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒక ఏడు మా నాయన అందులో సగం పాత టీఎంవీ-2 రకం, సగం కొత్తగా వచ్చిన కదిరి-6 రకం శెనక్కాయ (వేరుశెనగ) వేశాడు. చెట్లు పెరికి, కాయ కోసి, ఆరబెట్టి మూటలకెత్తేసరికి కొత్త రకం బాగా ఎక్కువ వచ్చింది. రెండింటి లెక్కా నోటుబుక్కులో రాసి, తేడా తీసి, రచ్చకట్ట మీద అందరికీ చదివి వినిపించాను. అంతా విన్నాక ఒక పెద్దాయన ఒకటే మాట అడిగాడు.

"ఏ రకం యాడ యేసినారప్పా?"

కొత్తది చెరువు వైపు పల్లంలో. పాతది గుట్ట వైపు మెరకలో. ఆ ఏడు ఊడలు (పూత తర్వాత మట్టిలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగే పొద్దుకు వాన ఆగిపోయింది. పల్లంలో ఇంకా పదును నిలిచింది, మెరకలో నిలవలేదు.

"అయితే గెల్చింది ఇత్తనమా, పల్లమా?" అన్నాడాయన.

నా లెక్కలో కూడికలూ తీసివేతలూ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పంతా పోలికలో ఉంది.

ఇప్పుడు అనంతపురంలో డిగ్రీ పిల్లల చేత ప్రాజెక్టులు రాయిస్తుంటాను. చరిత్ర, తెలుగు, ఆర్థికశాస్త్రం, వృక్షశాస్త్రం, ఏ సబ్జెక్టు వాళ్ళైనా చివరికి ఏదో ఒకదాన్ని ఇంకోదాని పక్కన పెడతారు. ఒక్కో శాస్త్రం తాను తిన్న దెబ్బల నుంచి పోలికకు ఒక్కో జాగ్రత్త నేర్చుకుంది. విచారం ఏమిటంటే, ఒక గదిలో నేర్చుకున్న జాగ్రత్త పక్క గదిలోకి పోదు. వ్యవసాయం చదివినవాడికి తెలిసింది చరిత్ర చదివేవాడికి తెలియదు, భాష చదివేవాడికి కొట్టిన పిండైనది లెక్కల పిల్లాడికి కొత్త. అందుకే అన్నింటి నుంచీ తీసుకుని ఒక వరస పెట్టుకున్నాను. మీరు ప్రాజెక్టు రాస్తున్నా, విత్తనం ఎంచుకుంటున్నా, పాపకు కాలేజీ చూస్తున్నా ఈ వరసలో పోండి.

ఎందుకు పోలుస్తున్నారో ముందు రాసుకోండి

పోలికతో మనం చేసే పనులు ముఖ్యంగా మూడు. తెలియనిదాన్ని తెలిసినదాని సాయంతో గుర్తుపట్టడం ఒకటి. రెండింట్లో ఏది మేలో ఎంచుకోవడం ఇంకొకటి. ఒక తేడాకో ఒక సామ్యానికో కారణం వెతకడం మూడోది.

మొదటిదాన్ని మన పాత తర్కశాస్త్రమైన న్యాయదర్శనం చాలా గౌరవంగా చూసింది. ప్రత్యక్షం (నేరుగా చూడటం), అనుమానం (గుర్తును బట్టి తేల్చుకోవడం), శబ్దం (నమ్మదగినవాడి మాట), వీటితో పాటు ఉపమానాన్ని, అంటే పోలికను కూడా జ్ఞానం ఇచ్చే ప్రమాణంగా లెక్కపెట్టింది. వాళ్ళు చెప్పే ఉదాహరణ గవయం. ఊరివాడు దాన్ని ఎన్నడూ చూడలేదు. "గవయం ఆవులా ఉంటుంది" అని అడవి తెలిసినవాడు చెప్పాడు. తర్వాత అడవికి పోయినప్పుడు ఆవులాంటి జంతువు ఎదురైతే, ఇదే గవయమని ఊరివాడికి తెలిసింది. ఇక్కడ పోలిక పని అంతటితో సరి. ఆవు మేలా, గవయం మేలా అని ఎవరూ అడగలేదు. గవయం కూడా ఆవులాగే పాలిస్తుందని ఎవరూ అనలేదు.

గుర్తుపట్టడానికి చేసిన పోలికను ఎంచుకోవడానికి వాడితేనే చిక్కు. "ఈ కాలేజీ ఫలానా పెద్ద కాలేజీ లాంటిదే" అన్న మాట భవనం ఎలా ఉంటుందో చెప్పడానికి పనికొస్తుంది. ఫీజు కట్టడానికి ఆ మాట చాలదు. కాబట్టి కాగితం పైన మొదటి వరుసలోనే రాయండి: గుర్తుపట్టడానికా, ఎంచుకోవడానికా, కారణానికా.

నాలుగు గళ్ళు నింపండి

హైస్కూల్లో అందరం ఉపమాలంకారం చదివాం. ఉపమేయం, ఉపమానం, సమాన ధర్మం, ఉపమావాచకం. "ఆమె ముఖం చంద్రుడిలా అందంగా ఉంది" అంటే ముఖం ఉపమేయం, చంద్రుడు ఉపమానం, అందం సమాన ధర్మం, 'లా' ఉపమావాచకం. పరీక్షకు రెండు మార్కుల ప్రశ్నగా చదివి వదిలేశాం గానీ, ఏ శాస్త్రంలో పోలికకైనా ఇంతకంటే మంచి పట్టిక నాకు దొరకలేదు. మీ కాగితం మీద నాలుగు గళ్ళు గీయండి: దేన్ని, దేనితో, దేంట్లో, ఎలా.

'దేన్ని', 'దేనితో' గళ్ళు అందరూ నింపుతారు. మూడో గడి దగ్గర ఆగిపోతారు. మా చేను విషయంలో నేను ఆ గడిలో "బాగుండటం" అని రాసుకున్నట్టే లెక్క. బాగుండటం కొలతకు వచ్చేది కాదు. ఎకరాకు ఎండిన కాయ ఎంత? కాయ కొడితే పప్పు ఎంత? పశువులకు కట్టె (కాయ తీసేశాక మేతకు మిగిలే ఎండు చెట్టు) ఎంత? వాన ఎగ్గొట్టిన ఏడు ఎంత నిలబడింది? ఒక రకం కాయలో గెలిచి కట్టెలో ఓడిపోవచ్చు. నాలుగు ఎద్దులున్న ఇంట్లో కట్టె తక్కువైతే అది చిన్న విషయం కాదు. ఒక్కో ప్రశ్నకు ఒక్కో వరుస రాసుకోండి. అన్నీ కలిపి ఒక్క మార్కు వేయాలన్న తొందర వద్దు.

రెండో గడి గురించి తెలుగువాళ్ళకు భాషే ఒక సాయం చేస్తుంది. సంస్కృతంలో లఘు, లఘుతర, లఘుతమ అని మాట చివరే మారుతుంది. ఆ తర, తమల నుంచే తారతమ్యం అన్న మాట పుట్టింది. తెలుగులో విశేషణం అలా మారదు. 'కంటే' పెట్టి తీరాలి, పెడితే దానికి ముందు ఒక పేరు రావాలి. "ఎక్కువ దిగుబడి", "మెరుగైన ఫలితాలు" అన్న ప్రకటన ఎక్కడ కనబడినా ఆ వాక్యంలో 'కంటే' ఎక్కడుందో వెతకండి. లేకపోతే "దేనికంటే?" అని అడగండి. విత్తనాల అంగడిలోనూ, కాలేజీ ఆఫీసులోనూ ఈ ఒక్క మాటకే చాలాసార్లు జవాబు ఉండదు.

దేంతో భాగించాలో చూసుకోండి

2011 జనాభా లెక్కల్లో అనంతపురం జిల్లా జనం సుమారు 40.8 లక్షలు, కర్నూలు జిల్లా జనం 40.5 లక్షలు. జనం ఎక్కడ ఎక్కువ? అనంతపురంలో. ఇప్పుడు విస్తీర్ణం పక్కన పెట్టండి: అనంతపురం 19,130 చదరపు కిలోమీటర్లు, కర్నూలు 17,658. భాగిస్తే చదరపు కిలోమీటరుకు అనంతపురంలో 213 మంది, కర్నూలులో సుమారు 230 మంది. ఇప్పుడు కర్నూలు ముందుకొచ్చింది. రెండు జవాబులూ నిజమే. జిల్లాకు మొత్తం ఎన్ని బియ్యం కావాలో లెక్కేసే అధికారికి మొదటిది కావాలి. ఆసుపత్రి ఎంత దూరంలో కట్టాలో చూసేవాడికి రెండోది కావాలి. ఎవరికి ఏది కావాలో మీరు మొదటి వరుసలో రాసుకున్న 'ఎందుకు' చెబుతుంది.

ఇంకో గుంత కూడా ఇక్కడే ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లా, కర్నూలు నుంచి నంద్యాల జిల్లా వేరయ్యాయి. కడప, చిత్తూరు జిల్లాల భాగాలతో అన్నమయ్య జిల్లా వచ్చింది. మా పిల్లల్లో ఒకరు 2011 నాటి అనంతపురాన్నీ ఇప్పటి అనంతపురాన్నీ పక్కపక్కన పెట్టి, శెనక్కాయ విస్తీర్ణం దారుణంగా పడిపోయిందని రాసుకొచ్చారు. పడిపోయినదాంట్లో పెద్ద భాగం కదిరి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పక్క జిల్లాలోకి పోవడమే. పేరు ఒకటే, భూమి వేరు. కాలాన్ని పోల్చేటప్పుడు పేరును నమ్మకండి, ఎల్లలు చూడండి. మండలాల వారీ లెక్కలు దొరికితే పాత జిల్లాను మళ్ళీ కూడి, అప్పుడు పోల్చండి.

మూటల సంగతీ ఇంతే. ఒక ఊరి మూట ఇంకో ఊరి మూటంత బరువు ఉండదు. పచ్చికాయా ఎండుకాయా అన్నదీ అడగాలి. అన్నింటినీ ఎండుకాయ క్వింటాళ్ళలోకి మార్చి, ఎకరాకు తేల్చుకున్నాకే నోరు తెరవండి. సగటు వాన కూడా అలాంటిదే. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన అంటారు. అది నలభై రోజుల్లో పడిందా, నాలుగు గట్టి వానల్లో వచ్చి చెరువుకట్ట తెంపిపోయిందా అన్నది ఆ అంకెలో కనబడదు.

తేడా ఒక్కటే మిగలాలి

కారణం వెతికే పోలికకు ఇదే గుండెకాయ. నిదానంగా చదవండి.

1747లో జేమ్స్ లిండ్ అనే వైద్యుడు సాలిస్‌బరీ అనే ఓడ మీద ఉన్నాడు. నావికులకు చిగుళ్ళు ఉబ్బి రక్తం కారే స్కర్వీ జబ్బు వచ్చింది. దానికి ఒక్కొక్కరు ఒక్కో మందు చెప్పేవారు. లిండ్ వీలైనంత ఒకే స్థితిలో ఉన్న 12 మంది రోగులను ఎంచుకుని, ఒకే చోట పడుకోబెట్టి, అందరికీ ఒకే తిండి పెట్టి, ఇద్దరిద్దరికీ ఒక్కో మందు ఇచ్చాడు. ఒక జతకు వెనిగర్, ఒక జతకు సముద్రపు నీరు, ఒక జతకు నారింజలూ నిమ్మకాయలూ, ఇలా ఆరు జతలు. నారింజ, నిమ్మ తిన్న ఇద్దరే త్వరగా కోలుకున్నారు. ఆ పన్నెండు మందినీ ఆయన వీలైనంత ఒకేలా ఉంచాడు కాబట్టే ఆ ఫలితాన్ని మనం నమ్మగలుగుతున్నాం.

చేను మనిషి మాట వినదు. ఒకే చేనులో మెరక, పల్లం, చవుడు, రాతిపొర అన్నీ ఉంటాయి. ఒకేలా ఉన్న రెండు ముక్కలు దొరకవు. దీనికి దారి చూపినవాడు ఇంగ్లండులో రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసిన రోనాల్డ్ ఫిషర్. 1920ల్లో ఆయన స్థిరపరిచిన పద్ధతిని మన చేనుకు ఇలా దించుకోవచ్చు.

చేను ఏ వైపు వాలుందో చూడండి. వాన పడ్డప్పుడు నీళ్ళు ఎటు పారతాయో గుర్తుంటే చాలు. ఆ వాలుకు అడ్డంగా చేనును నాలుగు పట్టీలుగా విడదీయండి. అప్పుడు ఒక్కో పట్టీ మొత్తం దాదాపు ఒకే ఎత్తులో ఉంటుంది. ఒక్కో పట్టీని మధ్యకు రెండు ముక్కలు చేయండి. ఇప్పుడు ఎనిమిది ముక్కలు. ప్రతి పట్టీలో ఒక ముక్క పాత రకానికి, ఒక ముక్క కొత్త రకానికి. ఎడమవైపు ఏది, కుడివైపు ఏది అన్నది మీరు నిర్ణయించకండి. చీటీలు వేసి తీయండి, నాలుగు పట్టీలకు నాలుగుసార్లు. మీకు తెలియకుండానే మంచి ముక్కను ఇష్టమైన రకానికి ఇచ్చే మనసును చీటీ ఆపుతుంది. మా నాయన కొత్త విత్తనానికి పల్లం ఇచ్చింది మోసం చేయాలని కాదు. డబ్బు పెట్టి కొన్న విత్తనం పండాలన్న ఆశతో ఇచ్చాడు. పోలికను చెడగొట్టేది చాలాసార్లు ఆ ఆశే.

విత్తడం ఒకే రోజు. గొర్రు అదే, సాళ్ళ మధ్య ఎడం అదే, ఎరువు అదే, కలుపు తీసే మనుషులు కూడా వాళ్ళే అయితే మంచిది. పెరకడం మాత్రం రెండింటికీ ఒకే రోజు పెట్టకండి. రకాన్ని బట్టి పంటకాలం మారుతుంది, ఏ రకం దాని పక్వానికి వచ్చినప్పుడే పెరకాలి. ముక్కల అంచుల్లో రెండేసి సాళ్ళు తూకంలో కలపకండి, అక్కడ పక్క రకం నీడా వేర్లూ తగులుతాయి. కాయ బాగా ఆరాక ఎనిమిది ముక్కలనూ విడివిడిగా తూచండి.

ఇక లెక్క. రెండు రకాల మొత్తాలు కూడి పక్కన పెట్టకండి. పట్టీ పట్టీకి తేడా తీయండి. కొత్త రకం నాలుగు పట్టీల్లో వరసగా 14 కిలోలు ఎక్కువ, 9 ఎక్కువ, 2 తక్కువ, 11 ఎక్కువ వచ్చిందనుకుందాం. సగటున 8 కిలోలు ఎక్కువ. ఇంకో చేనులో 40 ఎక్కువ, 25 తక్కువ, 30 ఎక్కువ, 13 తక్కువ వచ్చిందనుకుందాం. సగటు ఇక్కడా 8 కిలోలే. మొదటి చేనులో ఆ ఎనిమిది మీద కొంత నమ్మకం పెట్టుకోవచ్చు. రెండో చేనులో అది గాలికి వచ్చినదో, విత్తనం వల్ల వచ్చినదో చెప్పలేం. సగటు పక్కన ఆ నాలుగు తేడాలూ రాయమని నేను పిల్లల్ని పట్టుబట్టేది ఇందుకే.

ఇదే కంటితో చూస్తే, కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) కింద నంద్యాల నల్లరేగడిలో వచ్చిన దిగుబడిని వానను నమ్ముకున్న అనంతపురం ఎర్రనేల దిగుబడి పక్కన పెట్టి రైతులను తూచడం ఎంత అన్యాయమో తెలుస్తుంది. నేల వేరు, నీరు వేరు. మిగిలిన తేడాలో రైతు చేతి పని ఎంతో ఎవరు చెప్పగలరు?

చీటీలు వేయలేని చోట వరస వెతకండి

భాషనూ చరిత్రనూ పట్టీలుగా కోసి విత్తలేం. జరిగిపోయింది ఒక్కసారే జరిగింది. అలాంటప్పుడు ఒక పోలికను నమ్మకండి, పోలికల వరసను నమ్మండి. దీన్ని నేర్చుకోవడానికి అనంతపురం వైపు వాళ్ళకున్న వసతి అందరికీ ఉండదు. రాయదుర్గంలో, మడకశిరలో, హిందూపురంలో ఇంట్లో తెలుగూ అంగట్లో కన్నడమూ మాట్లాడేవాళ్ళు కావలసినంత మంది.

వాళ్ళను అడిగి ఒక జాబితా రాయండి. పాలు, హాలు. పులి, హులి. పాము, హావు. పువ్వు, హూవు. ఒక్క జత చూస్తే ఏదో కలిసిందిలే అనిపిస్తుంది. వరసగా నాలుగు చూస్తే నియమం కనబడుతుంది: తెలుగులో మొదట 'ప' ఉన్నచోట ఇప్పటి కన్నడంలో 'హ' ఉంది. హళగన్నడంలో, అంటే పాత కన్నడంలో, ఇవి కూడా 'ప'తోనే ఉండేవి, తర్వాత మారాయి. ఇంకో వరస: చెవికి కివి, చెరువుకు కెరె, చెడుకు కెడు. మరి కన్నుకు కణ్ణు, కాలుకు కాలు, కోడికి కోళి. మొదటి మూడింట్లో తెలుగు 'చ', తర్వాతి మూడింట్లో తెలుగు కూడా 'క'నే. ఎందుకు? వెనకున్న అచ్చు చూడండి. ఇ, ఎ ముందు 'క' మన నోట్లో 'చ' అయింది. అ, ఆ, ఓ ముందు కాలేదు. మినహాయింపు అనుకున్నది కూడా నియమంలోకి వచ్చింది చూడండి, నాకు భాషాశాస్త్రం మీద ప్రేమ పుట్టింది ఈ ఒక్క చోటే.

ఇప్పుడు పుస్తకం అడగండి. కన్నడంలో పుస్తక. పాపం, పాప. పూజ, పూజె. 'హ' రాలేదు. ఇవి సంస్కృతం నుంచి రెండు భాషలూ తీసుకున్న మాటలు, పాలు, పులి వరసలోవి కావు. వారసత్వంగా వచ్చిన సామ్యం ఏదో, అరువు తెచ్చుకున్న సామ్యం ఏదో వరస విడదీసి చూపిస్తుంది. అందుకే జాబితా రాసేటప్పుడు ఒంటి భాగాలు, చుట్టరికాలు, చిన్న అంకెలు, నీళ్ళు, నిప్పు లాంటి ఇంటి మాటలతో మొదలుపెట్టాలి. బడి మాటలతో, గుడి మాటలతో మొదలుపెడితే అన్ని భాషలూ అక్కచెల్లెళ్ళే అనిపిస్తాయి.

1816లో మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అనే ఇంగ్లీషు అధికారి తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను పక్కపక్కన పెట్టి, ఇవి సంస్కృతం నుంచి పుట్టినవి కావని, వీటికి సొంత కుటుంబం ఉందని చూపించాడు. 1856లో రాబర్ట్ కాల్డ్వెల్ దాన్ని ద్రావిడ భాషల పెద్ద వ్యాకరణంగా విస్తరించాడు. మన అనంతపురం దత్తమండల కళాశాలలోనే పాఠం చెప్పిన చిలుకూరి నారాయణరావు గారు అదే తెలుగును ప్రాకృతాల పక్కన పెట్టి, తెలుగు ప్రాకృతాల నుంచే వచ్చిందని వాదించారు. ఆయన పాండిత్యం సామాన్యమైనది కాదు. భాషాశాస్త్రం తర్వాత ద్రావిడ కుటుంబం వైపే నిలబడింది. రెండు పక్షాల ముందూ ఉన్న తెలుగు ఒకటే. దేని పక్కన పెట్టారు, ఏ మాటలకు బరువు ఇచ్చారు అన్నదాంట్లో దారులు చీలాయి. రెండో గడి, మూడో గడి నింపడం ఎంత పెద్ద పనో దీనికంటే బాగా చెప్పే ఉదాహరణ నా దగ్గర లేదు.

వరస లేని ఒంటరి సామ్యం ఎంత మోసం చేస్తుందో కూడా చెప్పాలి. ఆస్ట్రేలియాలో ఎంబబరమ్ అనే ఆదిమ భాషలో కుక్కను 'డాగ్' అనేవారు. ఇంగ్లీషుకూ దానికీ ఏ సంబంధమూ లేదు, ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నదీ కాదు. ఊరికే కలిసింది.

జీవశాస్త్రం వాళ్ళు ఇదే జాగ్రత్తను రెక్కల మీద నేర్చుకున్నారు. గబ్బిలం రెక్క విప్పి చూస్తే మన చేతిలో ఉన్న ఎముకల వరసే ఉంటుంది. పక్షి రెక్కలోనూ ఆ ముంజేయే. సీతాకోకచిలుక రెక్కలో ఎముకే లేదు. మూడూ ఎగురుతాయి. పనిలో పోలిక వేరు, పుట్టుకలో పోలిక వేరు. 1843లో రిచర్డ్ ఓవెన్ ఈ రెండింటికీ వేరువేరు పేర్లు పెట్టి విడదీశాడు. ఉప్పూ కర్పూరమూ తెల్లగా ఉన్నంత మాత్రాన ఒకటని మన పెద్దలూ అనలేదు.

ముందు, తర్వాత

ఒక సంఘటనకు ముందూ తర్వాతా పోల్చాలంటే, ఆ సంఘటన ఎక్కడ జరిగిందో గీత గీసినట్టు తెలియాలి. యాగంటి దారిలో, జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే ఊరుంది. ఒకప్పటి కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. అక్కడి మట్టిలో తెల్లటి బూడిద పొర ఉంది. సుమారు 74,000 ఏళ్ళ కిందట ఇండోనేషియాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో వచ్చి పడిన బూడిద అది. బూడిదకు కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. 2007లో అంతర్జాతీయ పరిశోధక బృందం ఈ రెండింటినీ పోల్చి, పనిముట్లు చేసే తీరు పెద్దగా మారలేదని, అంత పెద్ద పేలుడు తర్వాత కూడా అక్కడ మనుషుల బతుకు సాగిందని వాదించింది.

ఇక్కడి నుంచి మీరు తీసుకోవలసినవి రెండు. ఆ బూడిద లాంటి గీత మీ పోలికకూ ఉండాలి: బోరు వేసిన తేదీ, కొత్త పంతులు చేరిన నెల, ధర మారిన రోజు. రెండోది, పనిముట్లు ఒకేలా ఉన్నాయంటే చేసినవాళ్ళు ఒకే జాతి మనుషులని తేలిపోదు. దాని మీద పండితుల మధ్య చర్చ నడుస్తూనే ఉంది. పోల్చింది పనిముట్లను, కాబట్టి జవాబు కూడా పనిముట్ల గురించే వస్తుంది.

గీతకు అటూ ఇటూ ఇంకేదైనా మారిందా అని కూడా అడగండి. బోరు వేసిన ఏడే మంచి వాన కూడా పడితే ఆ పంట ఎవరి ఖాతాలో రాస్తారు?

సాక్షులను లెక్కపెట్టే ముందు

సి.పి. బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చాడు. వేమన పద్యాల మీద మనసు పడి, ఎక్కడెక్కడి తాళపత్రాలూ కాగితపు ప్రతులూ తెప్పించి, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని ప్రతికి ప్రతి పోల్చి చూసి, 1829లో అచ్చు వేయించాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు కడపలో ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. వీలైతే ఒకసారి వెళ్ళిరండి.

ప్రతులు పోల్చేవాళ్ళ దగ్గర ఒక రహస్యం ఉంది. ఐదు ప్రతుల్లో ఒక మాట ఒకలా, ఒక్క ప్రతిలో ఇంకోలా ఉంటే, ఐదుదే సరైనదని అనరు. ఆ ఐదూ ఒకే తల్లిప్రతిని చూసి రాసినవేమో చూస్తారు. అలాగైతే అవన్నీ కలిపి ఒక్క సాక్ష్యమే. ఒకే చోట ఒకే తప్పు ఉంటే తల్లి ఒకటేనని గుర్తు.

దీన్ని మీ పనిలోకి తెచ్చుకోండి. "మా ఊర్లో పదిమంది ఈ రకమే మేలంటున్నారు" అని ఎవరైనా అంటే, ఆ పదిమందిలో వేసి చూసినవాళ్ళెందరో, ఒకే అంగడివాడి మాట విన్నవాళ్ళెందరో అడగండి. పది పత్రికల్లో వచ్చిన వార్త ఒకే ప్రకటన నుంచి రాసింది కావచ్చు. మీ కాగితంలో ప్రతి అంకె పక్కనా అది ఎక్కడి నుంచి వచ్చిందో రాయండి. ఒకే చోటు నుంచి వచ్చినవాటిని గీత గీసి ఒక గుంపుగా కలపండి. పొసగని అంకెను చెరిపేయకండి, పక్కన అట్టే పెట్టండి. తర్వాత ఎప్పుడో అదే అక్కరకొస్తుంది.

మొత్తాన్ని విడదీసి చూడండి

కాలేజీ ఎంచుకునే తల్లిదండ్రులు దీన్ని రెండుసార్లు చదవాలని నా కోరిక. ఊహించిన లెక్క ఇది. మొదటి కాలేజీలో 100 మంది పిల్లలు: 80 మంది టౌను బడుల నుంచి, 20 మంది పల్లె బడుల నుంచి వచ్చారు. టౌను పిల్లల్లో 72 మంది, పల్లె పిల్లల్లో 10 మంది పాసయ్యారు. మొత్తం 82. రెండో కాలేజీలోనూ 100 మందే, టౌను పిల్లలు 20, పల్లె పిల్లలు 80. టౌను పిల్లల్లో 19 మంది, పల్లె పిల్లల్లో 48 మంది పాస్. మొత్తం 67.

ఫ్లెక్సీ మీద 82 శాతం, 67 శాతం అని ఉంటుంది. విడదీయండి. టౌను పిల్లలు మొదటిదాంట్లో 90 శాతం, రెండోదాంట్లో 95 శాతం. పల్లె పిల్లలు మొదటిదాంట్లో 50 శాతం, రెండోదాంట్లో 60 శాతం. మీ పాప టౌనులో చదివినా, పల్లెలో చదివినా రెండో కాలేజీయే మేలు. మొత్తం అంకె దానికి ఎదురు చెబుతోంది, ఎందుకంటే అది బోధన గురించి చెప్పలేదు, ఎవరు చేరారో చెప్పింది.

ఇది కాగితం మీది వింత కాదు. 1973లో అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో చేరడానికి దరఖాస్తు పెట్టిన మగవాళ్ళలో 44 శాతం మందికి, ఆడవాళ్ళలో 35 శాతం మందికి సీటు వచ్చింది. విభాగాల వారీగా విడదీస్తే ఆ తేడా చాలావరకు కరిగిపోయింది. సీట్లు దొరకడం కష్టమైన విభాగాలకు ఆడవాళ్ళు ఎక్కువగా దరఖాస్తు పెట్టారు.

కాలేజీకి పోయినప్పుడు పాస్ శాతం అడగకండి. "మా పాపలాంటి పిల్లలు పోయినేడు ఎంతమంది చేరారు, వాళ్ళలో ఎంతమంది పాసయ్యారు?" అని అడగండి.

ఇక వాక్యం రాయండి

పోలిక మొత్తం అయ్యాక ఒకే వాక్యంలోకి దించాలి. దాంట్లో ఎంత, ఎక్కడ, ఎప్పుడు ఉండాలి. "రెట్టింపయింది" అన్నప్పుడు ఎంత నుంచి ఎంతకో రాయండి, నూటికి రెండు నుంచి నాలుగైనా రెట్టింపే. మీరు చూడని నేల గురించి, చూడని ఏటి గురించి ఆ వాక్యం ఏమీ చెప్పకూడదు.

రచ్చకట్ట మీద ఆ మాట పడ్డ మరుసటి ఏడు మేము చేనును నాలుగు పట్టీలు చేశాం. చీటీలు మా అవ్వ తీసింది. కాయ ఆరాక నా నోటుబుక్కులో రాసిన వాక్యం ఇది: "మా ఎర్రనేల మెట్టలో, ఊడలు దిగినాక ఒక మంచి వాన పడిన ఈ ఏడు, నాలుగు పట్టీల్లో మూడింట కదిరి-6 ఎండుకాయ టీఎంవీ-2 కంటే ఎక్కువ, గుట్ట కింది పట్టీలో రెండూ సమానం. కట్టె తూచలేదు." దాన్ని మళ్ళీ రచ్చకట్ట మీద చదివాను. పెద్దాయన విని, "కట్టె గూడా తూయప్పా వచ్చే యేడు" అన్నాడు.